ఉరికే రోజు, ప్లకార్డు పట్టే రోజు

తెల్లవారుజామున కోమటి చెరువు కట్ట మీదికి వెళ్తే సిద్దిపేట ఎంత ఇష్టంగా పరిగెత్తుతోందో కనిపిస్తుంది. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగును స్టాప్‌వాచ్ పెట్టుకుని సాధన చేసే కుర్రాళ్లు, షుగర్ ఉందని డాక్టర్ చెప్పిన మర్నాడే బూట్లు కొన్న దుకాణదారులు, చేతులూపుతూ వేగంగా నడిచే రిటైర్డ్ టీచర్లు, చున్నీ నడుముకు బిగించి పరిగెత్తే డిగ్రీ అమ్మాయిలు. ఊళ్లో హాఫ్ మారథాన్ జరగడం మొదలయ్యాక వీళ్లలో చాలామందికి ఒక గురి దొరికింది. ముందు 5 కిలోమీటర్లు, తర్వాత 10, ఆపైన 21.1.

గురి పెట్టుకున్నవాళ్లు రెండు విద్యలు నేర్చుకోవాలి. అలసిపోయిన మనిషిని ఇంకో కిలోమీటరు ముందుకు పంపే మాట ఎలా చెప్పాలన్నది ఒకటి. ఒంట్లో బాగాలేని రోజున "ఇవాళ వద్దు" అని మనకు మనం ఎలా చెప్పుకోవాలన్నది రెండోది. మొదటిది సరదా విషయంలా, రెండోది డాక్టర్ విషయంలా కనిపిస్తుంది. కానీ ఆగొద్దనే మాటకూ ఆగమనే మాటకూ మూలం ఒక్కటే: ఆ మనిషి బాగుండాలన్న కోరిక. ఏ రోజున ఏ మాట వినాలో తెలిసినవాళ్లే పదేళ్ల తర్వాత కూడా కట్ట మీద కనిపిస్తారు. అందుకే రెండింటినీ ఒకే అధ్యాయంలో చెబుతున్నాను.

రోడ్డు పక్కన నిలబడే అక్షరాలు

పోటీలో మొదటి 5 కిలోమీటర్లకు ఎవరి ప్రోత్సాహమూ అక్కర్లేదు. మైకులో పాటలుంటాయి, చుట్టూ మనుషులుంటారు, కాళ్లు వాటంతటవే కదులుతాయి. అసలు పరీక్ష 14, 15 కిలోమీటర్లు దాటాక మొదలవుతుంది. గుంపు పలచబడుతుంది. ఎండ నెత్తికెక్కుతుంది. పక్కన పరిగెత్తిన మిత్రుడు ఎప్పుడో ముందుకు వెళ్లిపోయి ఉంటాడు. తొడలు బిగుస్తాయి, పళ్లు బిగుస్తాయి, "ఎవరికోసం ఇదంతా" అన్న ప్రశ్న లోపల మొదలవుతుంది.

సరిగ్గా అక్కడ ఒక చిన్నపాప అట్టముక్క ఎత్తి పట్టుకుని ఉందనుకోండి. దాని మీద వంకర అక్షరాలతో: "ఆగకు మామా, ఫొటో తీస్తున్నరు!" చదవగానే నవ్వొస్తుంది. నవ్వుతోపాటే బిగిసిన దవడ వదులవుతుంది, చెవుల దాకా లేచిన భుజాలు దిగుతాయి, ఊపిరి లోపలిదాకా వెళ్తుంది. ఇంకో అర కిలోమీటరు గడిచేదాకా "ఎందుకు" అన్న ప్రశ్న మళ్లీ రాదు.

ఇది ఊహ కాదు, పరిశోధనలు కూడా ఇదే దారి చూపిస్తున్నాయి. నోయెల్ బ్రిక్ అనే క్రీడా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 24 మంది రన్నర్లను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి 2018లో ఫలితాలు ప్రచురించింది. ముఖం చిట్లించి పరిగెత్తినప్పటికంటే నవ్వుతూ పరిగెత్తినప్పుడు అదే వేగానికి వాళ్లు దాదాపు 2.8 శాతం తక్కువ ఆక్సిజన్ వాడారు. మారథాన్ వీరుడు ఎలియూద్ కిప్చోగే 2017లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద 2 గంటల 25 సెకన్లలో 42.195 కిలోమీటర్లు పూర్తి చేసినప్పుడు మధ్యమధ్య నవ్వడం ప్రపంచమంతా చూసింది. ఒళ్లు వదులుగా ఉంచుకోవడానికి కావాలనే నవ్వానని ఆయనే చెప్పాడు. సామ్యుయేలే మార్కోరా బృందం 2014లో ఇంకో ప్రయోగం వెలువరించింది. సైకిల్ తొక్కుతున్న 13 మందికి తెర మీద నవ్వు ముఖాలను, విచార ముఖాలను కంటికి ఆనీ ఆననంత క్షణం పాటు చూపించారు. నవ్వు ముఖాలు చూసిన రోజున వాళ్లు సగటున 12 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. ఇవి చిన్న ప్రయోగాలే. అయినా రోడ్డు పక్కన నవ్వుతూ నిలబడ్డ మనిషి విలువ ఏమిటో వీటివల్ల అర్థమవుతుంది.

అమెరికాలో బోస్టన్ మారథాన్ 1897లో మొదలైంది. సగం దూరం దగ్గరపడే చోట వెల్స్లీ మహిళా కళాశాల వస్తుంది. ఆ కాలేజీ అమ్మాయిలు రోడ్డు వెంట బారులు తీరి కేకలు వేయడం తరతరాల ఆనవాయితీ. ముందుగా అడిగినవాళ్ల పేర్లతో బోర్డులు కూడా రాసిపెడతారు. అదే పోటీ దారిలో స్పెన్సర్ అనే కుక్క నోట జెండా కరుచుకుని ఏటా నిలబడేది. 2018లో జోరువానలో రెయిన్‌కోటు వేసుకుని అది నిలబడ్డ దృశ్యం ఎందరినో కదిలించింది. 2022లో నిర్వాహకులు దాన్ని మారథాన్ అధికారిక శునకంగా గౌరవించారు. పరిగెత్తినవాళ్లనే కాదు, నిలబడి చూసినవాళ్లను కూడా ఆ ఊరు గుర్తుపెట్టుకుంది.

మన సిద్దిపేటకు ప్లకార్డు కొత్తేమీ కాదు. తెలంగాణ ఉద్యమంలో ర్యాలీలకు, రాస్తారోకోలకు, దీక్షా శిబిరాలకు రాత్రికి రాత్రి అట్టలు రాసిన చేతులు ఈ ఊళ్లో ఇంటింటా ఉన్నాయి. 2009 నవంబరు 29న కేసీఆర్ ఆమరణ దీక్షకు ఎంచుకున్న చోటు సిద్దిపేటే. నలుగురి మనసులో మాటను నాలుగు ముక్కల్లో రాయడం మనకు బాగా వచ్చిన విద్య. దాన్ని ఇప్పుడు పరుగు కోసం వాడుకుందాం.

మంచి ప్లకార్డు రాసే పద్ధతి

ముందు ఒక లెక్క చూడండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే మనిషి సెకనుకు దాదాపు 3 మీటర్లు కదులుతాడు. మీ అట్ట అతనికి 15 మీటర్ల దూరంలో కంటబడితే చదవడానికి దొరికేది 5 సెకన్లు. పైగా కళ్లలో చెమట. కాబట్టి నాలుగైదు మాటలు మించి రాయొద్దు.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడితే దూరం నుంచి అంతా కలగాపులగంగా కనిపిస్తుంది. రెండు వరసలకు మించి రాయకండి. వరసల మధ్య నాలుగు వేళ్ల ఎడం వదలండి. ఒత్తులు తక్కువున్న మాటలు ఎంచుకోండి. ఒక్కో అక్షరం మీ అరచేయంత ఉండాలి. టీవీ పెట్టె లేదా ఫ్రిజ్ పెట్టె అట్ట గట్టిగా నిలబడుతుంది. దాని మీద పసుపు లేదా తెల్ల కాగితం అంటించి నల్ల పెయింటుతో రాయండి. వానాకాలం పోటీ అయితే పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టండి, లేకపోతే స్కెచ్ పెన్ను రంగు కారిపోతుంది. పోయిన దారినే తిరిగొచ్చే పోటీ అయితే అట్టకు రెండో వైపు వేరే మాట రాయండి.

ఏం రాయాలంటే, మనం రోజూ మాట్లాడుకునే మాటే రాయాలి. మచ్చుకు కొన్ని:

"ఈఎంఐ ఎనకనే అస్తున్నది, ఉరుకు!"

"బస్సు పోయిందా అన్నా? జర ఉరుకు!"

"ఇంటికాడ బగారన్నం దమ్ముల ఉన్నది!"

"నీకోసం గింత పొద్దుగాల లేచినం!"

"బతుకమ్మ ఆడిన కాళ్లివి, అలసిపోవు!"

"ఈడ నొక్కు, బలమస్తది!" దీనికి అట్ట మధ్యలో పెద్ద ఎర్ర గుండ్రం గీయాలి. ప్రపంచంలోని చాలా పోటీల్లో ఇలాంటి బోర్డు కనిపిస్తుంది. పిల్లల చేత పట్టించండి. నలభై ఏళ్ల పెద్దమనిషి కూడా దారి మార్చుకుని వచ్చి ఆ గుండ్రాన్ని తట్టి వెళ్తాడు.

ఎక్కడ నిలబడాలన్నదీ ముఖ్యమే. ఫినిష్ లైన్ దగ్గర మనుషులు ఎలాగూ ఉంటారు. మీరు గుంపు పలచబడిన చోటికి వెళ్లండి. ఎత్తు మొదలయ్యే చోటు, నీడ లేని చోటు, మలుపు తిరిగాక దారి ఖాళీగా కనిపించే చోటు. చివరి రన్నర్ వచ్చేదాకా ఉండండి. మూడు గంటలు పట్టి వచ్చే మనిషికే మీ అట్ట అవసరం ఎక్కువ. బిబ్ (రన్నర్ ఛాతీ మీది నంబరు కాగితం) మీద పేరు ఉంటే పేరు పెట్టి పిలవండి. పొద్దున్నే రోడ్లు ఊడ్చే మున్సిపల్ కార్మికులు, పాల బండ్లవాళ్లు, చాయ్ దుకాణంవాళ్లు ఎలాగూ మేలుకునే ఉంటారు. వాళ్ల చేతికీ ఒక అట్ట ఇవ్వండి.

రాయకూడనివి కూడా తెలుసుకోవాలి. 8వ కిలోమీటరు దగ్గర "అయిపోయింది, వచ్చేసినవ్" అని రాయొద్దు. ఆ మాట నమ్మి వేగం పెంచినవాడు తర్వాత కుంగిపోతాడు. దూరం రాస్తే నిర్వాహకులు పెట్టిన గుర్తు పక్కనే నిలబడి నిజం రాయండి. లావు గురించి, వయసు గురించి, ఆడవాళ్ల బట్టల గురించి ఒక్క మాట వద్దు. అన్నిటికంటే ముఖ్యంగా "చచ్చినా ఆగొద్దు", "నొప్పిని పట్టించుకోకు" లాంటివి రాయనే రాయొద్దు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ప్లకార్డుకు మీ జ్వరం తెలియదు

రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు మీ కాళ్లను చూస్తారు, మీ ముఖం చూస్తారు. రాత్రి మీకు చలిజ్వరం వచ్చిందని, తెల్లారి మాత్ర వేసుకుని వచ్చారని వాళ్లకు తెలియదు. వాళ్లు "ఆగకు" అంటున్నది ఆరోగ్యంగా ఉండి అలసిపోయిన మనిషితో. అలసటకూ జబ్బుకూ తేడా మీరొక్కరే చెప్పగలరు. అది కూడా ఇంట్లో, మంచం మీద ఉన్నప్పుడే చెప్పగలరు. ఒకసారి స్టార్ట్ లైన్ దగ్గరికి వెళ్లారంటే డప్పులు, చప్పట్లు, మిత్రుల సెల్ఫీలు ఆ తేడాను కప్పేస్తాయి. అందుకే పరిగెత్తాలా వద్దా అన్న నిర్ణయం గడప దాటక ముందే జరిగిపోవాలి.

దీనికి ఒక సులువైన కొలత ఉంది. అమెరికన్ క్రీడా వైద్యుడు రాండీ ఐక్నర్ 1993లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మెడ దగ్గర ఒక గీత గీసినట్టు అనుకోండి. లక్షణాలన్నీ మెడకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిగా గొంతు గరగర, వీటితో నెమ్మదిగా పరిగెత్తి చూడొచ్చు. మెడకు కింద ఏదైనా ఉంటే, అంటే ఛాతీలోంచి వచ్చే దగ్గు, ఆయాసం, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, ఆ రోజు పరుగు లేదు. జ్వరం ఉంటే మెడ గీతతో పనే లేదు, పరుగు పూర్తిగా బంద్.

మెడకు పైన మాత్రమే ఉన్నప్పుడు కూడా ఒక పరీక్ష పెట్టుకోవాలి. మామూలు వేగంలో సగం వేగంతో 10 నిమిషాలు కదలండి. తల తేలికపడి ఒళ్లు కుదుటపడితే కొనసాగండి. తల దిమ్ముగా ఉన్నా, కాళ్లు లాగుతున్నా ఇంటికి వచ్చేయండి. 1990ల్లో అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీలో థామస్ వైడ్నర్ బృందం కొందరు విద్యార్థులకు కావాలనే జలుబు వైరస్ ఎక్కించి, కొందరి చేత రోజు విడిచి రోజు ఓ మోస్తరు వ్యాయామం చేయించింది. వ్యాయామం చేసినవాళ్ల జలుబు ముదరలేదు, ఎక్కువ రోజులూ ఉండలేదు. త్వరగా తగ్గనూ లేదు. చెమట పట్టిస్తే జలుబు వదులుతుందన్న నమ్మకంతో ఎవరూ పరిగెత్తనక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

జ్వరంతో పరిగెత్తొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నాను? ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే గుండె నిమిషానికి సుమారు 8 నుంచి 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. పరుగు దానికి ఇంకా వేడిని, ఇంకా పనిని చేరుస్తుంది. అప్పటికే నీరు తగ్గిన ఒంటికి చెమట పట్టి చల్లబడే శక్తి తగ్గుతుంది. వడదెబ్బకు అది దగ్గరి దారి. ఇంకో ప్రమాదం గుండె కండరానికి. ఫ్లూ, కోవిడ్ లాంటి కొన్ని వైరస్‌లు అరుదుగా గుండె కండరంలో వాపు తెస్తాయి. దాన్నే మయోకార్డైటిస్ అంటారు. ఆ సమయంలో గట్టిగా శ్రమ పడితే గుండె లయ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆ జబ్బు ఉందని తేలితే డాక్టర్లు సాధారణంగా 3 నుంచి 6 నెలలు పోటీలకు దూరం ఉంచుతారు. ఒక ఆదివారం కోసం అంత అప్పు చేయాల్సిన పని లేదు.

నిద్ర లేవగానే మంచం దిగకముందే నాడి చూసుకోవడం అలవాటు చేసుకోండి. బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. రెండు వారాలు రాస్తే మీ మామూలు అంకె మీకు తెలిసిపోతుంది. ఏ పొద్దునైనా అది 8, 10 ఎక్కువగా ఉంటే, పైగా ఒళ్లు బరువుగా ఉంటే, జబ్బు గుమ్మంలోకి వచ్చి ఉండొచ్చు. నిద్ర చాలకపోయినా, ముందురోజు ఎక్కువ పరిగెత్తినా కూడా ఆ అంకె పెరుగుతుంది. కారణం ఏదైనా ఆ రోజు నడకతో సరిపెట్టుకోండి.

పోటీల కాలమే జ్వరాల కాలం

జ్వరంతో పరిగెత్తాలా వద్దా అన్న ప్రశ్నకు మన దగ్గర ప్రత్యేకంగా బరువు ఉంది. హైదరాబాద్ రన్నర్స్ 2007లో మొదలైన బృందం. వాళ్లు నిర్వహించే హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే ఆ పోటీ కోసం సిద్దిపేట నుంచి వెళ్లేవాళ్లు జూన్, జూలై నెలలంతా సాధన చేయాలి. సరిగ్గా ఆ నెలల్లోనే వానలు పడి, నీళ్లు నిలిచి, దోమలు పెరిగి డెంగీ, చికున్‌గున్యా, మలేరియా, టైఫాయిడ్ మొదలవుతాయి. కాబట్టి మన రన్నర్లు ఈ జ్వరాల గురించి బూట్ల గురించి తెలుసుకున్నంత శ్రద్ధగా తెలుసుకోవాలి.

డెంగీలో అందరూ పొరపడే చోటు ఒకటుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతుంది. "తగ్గిపోయింది" అని మంచం దిగుతాం. నిజానికి జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటలే డెంగీలో అసలు ప్రమాద సమయం. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం అప్పుడే ఎక్కువ. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ రెండు రోజుల్లో పరుగు ఆలోచన కూడా రాకూడదు. ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయని డాక్టర్ చెప్పాకే బూట్లు తొడగండి.

చికున్‌గున్యా దారి వేరు. జ్వరం వారంలో పోతుంది కానీ కీళ్ల నొప్పులు వారాలు, కొందరికి నెలలు ఉంటాయి. చీలమండలు, మోకాళ్లు వాచి ఉన్నప్పుడు పరిగెత్తితే అడుగు వంకరగా పడి కొత్త గాయాలు వస్తాయి. మెట్లు నొప్పి లేకుండా ఎక్కి దిగగలిగేదాకా నడకే మీ సాధన. టైఫాయిడ్‌లో పేగులు దెబ్బతిని ఉంటాయి. మందుల కోర్సు పూర్తయి, ఆకలి తిరిగొచ్చి, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి.

గోలి వేసుకుని ఉరకడం

"పొద్దున ఒక గోలి ఏసుకుంటే పోటీ అయిపోతది" అన్న మాట రన్నర్ల గ్రూపుల్లో మామూలుగా వినిపిస్తుంది. ఈ అలవాటు మానుకోవాలి.

పారాసిటమాల్ థర్మామీటర్‌లో అంకెను దించుతుంది, లోపలి జబ్బును దించదు. గోలి వేసుకున్నాక 98 డిగ్రీలు చూపిస్తే జ్వరం లేనట్టు కాదు. గోలి లేకుండా కనీసం ఒక రోజంతా జ్వరం రాకపోతేనే లేనట్టు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని నీళ్లు తగ్గిన ఒంటితో గంటలకొద్దీ పరిగెత్తితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అదే డెంగీ అయితే ఆ మాత్రలు, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏ జ్వరమో తేలేదాకా వాటి జోలికి వెళ్లకండి. జలుబుకు వాడే కలగలుపు మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పెంచుతాయి, కొన్ని మత్తు తెస్తాయి. సిప్రోఫ్లోక్సాసిన్ తరహా యాంటీబయాటిక్‌లు మడమ పైనున్న స్నాయువును బలహీనపరచగలవు. అది పుటుక్కున తెగిపోయే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. మన దగ్గర మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని ఈ మందు వాడేవాళ్లున్నారు. మీరు పరిగెత్తే మనిషని డాక్టర్‌కు ముందే చెప్పండి. మందు కోర్సు నడుస్తున్నప్పుడు మడమ పైన నొప్పి మొదలైతే వెంటనే ఆగి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

వద్దని చెప్పుకోవడం ఎందుకు కష్టం

ఇంత తెలిసినా పోటీ పొద్దున జ్వరంతో బయల్దేరేవాళ్లుంటారు. ఫీజు కట్టాం, టీషర్టు వచ్చింది, స్టేటస్ పెట్టాం, ఊరంతా తెలిసింది. ఇప్పుడు ఆగితే పరువు పోతుందన్న భయం. ఆ ఫీజు కట్టిన రోజే ఖర్చయిపోయింది. పరిగెత్తినా తిరిగి రాదు, పరిగెత్తకపోయినా తిరిగి రాదు. ఇప్పుడు మీ చేతిలో మిగిలి ఉన్నది మీ ఒళ్లు ఒక్కటే. నిర్ణయం దాన్నిబట్టే జరగాలి.

పోటీకి వారం ముందే, ఒళ్లు బాగున్నప్పుడే, ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి బిబ్‌తోపాటు పెట్టుకోండి. "గత 48 గంటల్లో జ్వరం వస్తే పరిగెత్తను. ఛాతీలో దగ్గు, ఆయాసం, విరేచనాలు ఉంటే పరిగెత్తను. జ్వరం గోలి వేసుకోవాల్సి వస్తే పరిగెత్తను." కింద సంతకం పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించండి. పోటీ రోజు పొద్దున నాలుగింటికి ఉత్సాహం వాదించడం మొదలుపెడితే ఈ కాగితం సమాధానం చెబుతుంది. గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ కూడా చిన్నదే: "జ్వరం వచ్చింది, ఈసారి ఉరుకుత లేను. మీరందరు మంచిగ ఉరకండి." సంజాయిషీలు అక్కర్లేదు.

గ్రూపు నడిపేవాళ్లకు ఇక్కడ పెద్ద బాధ్యత ఉంది. అలాంటి మెసేజ్ వస్తే "ఏం కాదు రా తమ్మీ, నడుచుకుంట రా" అనకండి. "మంచి పని చేసినవ్, రెస్టు తీస్కో" అని అందరూ చూసేలా రాయండి. అది చదివిన ఇంకో నలుగురికి తమ జ్వరం దాచుకోవాల్సిన అవసరం పోతుంది.

పోటీ మధ్యలో ఆగాల్సిన సూచనలు కూడా గుర్తుంచుకోండి. ఛాతీలో నొప్పి లేదా బిగింపు, గుండె దడ, కళ్లు తిరగడం, ఎండలో చలేసి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం. వీటిలో ఏది వచ్చినా ఏ ప్లకార్డు మాటా వినకండి. ఆగండి, నీడలోకి వెళ్లండి, వాలంటీర్‌కు చెప్పండి. ప్లకార్డు పట్టినవాళ్లు కూడా ఈ సూచనలు తెలుసుకుని ఉండాలి. తూలుతున్న మనిషి కనిపిస్తే అట్ట పక్కన పడేసి చేయి పట్టుకోండి, అంబులెన్స్‌ను పిలవండి.

తిరిగి మొదలుపెట్టడం

జబ్బుపడ్డవాళ్లను అన్నిటికంటే ఎక్కువ వేధించేది సాధన అంతా పోయిందన్న దిగులు. అది నిజం కాదు. ఎడ్వర్డ్ కాయిల్ బృందం 1984లో బాగా సాధన చేసినవాళ్ల చేత వ్యాయామం పూర్తిగా మాన్పించి కొలిచింది. మొదటి రెండు మూడు వారాల్లో వాళ్ల ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం తగ్గింది సుమారు 7 శాతమే. వారం రోజుల విశ్రాంతితో పోయేది అంతకంటే చాలా తక్కువ, త్వరగా తిరిగొచ్చేదే. జబ్బు పూర్తిగా పోకముందే మొదలుపెట్టి మళ్లీ మంచం ఎక్కితే పోయేది నెలలు.

మామూలు వైరల్ జ్వరమైతే ఈ వరస పాటించండి. గోలి లేకుండా జ్వరం రాని రెండు రోజులు గడవనివ్వండి. తర్వాత రెండు రోజులు కోమటి చెరువు కట్ట మీద 20, 30 నిమిషాల నడక. మర్నాడు నాడి మామూలుగా ఉంటే రెండు మూడు రోజులు నడక, పరుగు కలిపి. తర్వాత వారం మీ మామూలు దూరంలో సగం, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో. రంగనాయక సాగర్ కట్ట లాంటి నీడ లేని చోట్ల పెద్ద పరుగులు, వేగం పెంచే సాధనలు ఆ తర్వాతే. ఏ దశలో అయినా ఛాతీ నొప్పి, దడ, ఇంతకుముందు లేని ఆయాసం వస్తే సాధన ఆపి డాక్టర్‌ను కలవండి.

ఉరకని రోజు చేయాల్సిన పని

ఇప్పుడు అధ్యాయంలోని రెండు విద్యలు ఒకటవుతాయి. జ్వరంగా ఉంటే ఇంట్లోనే ఉండండి, జబ్బును గుంపులోకి తీసుకెళ్లొద్దు. మంచం మీద కూర్చుని మాట చెప్పండి, పిల్లల చేత అట్ట రాయించి పంపండి. జ్వరం తగ్గి నీరసం మాత్రమే మిగిలితే, డాక్టర్ బయటికి వెళ్లొచ్చని అంటే, మీరే ఒక కుర్చీ వేసుకుని 16వ కిలోమీటరు దగ్గర నీడలో కూర్చోండి. ఆ చోట మనిషికి ఏ మాట కావాలో పరిగెత్తినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీ గ్రూపువాళ్లు వస్తుంటే పేరు పెట్టి పిలవండి. పోటీకి దూరమయ్యానన్న బాధ ఆ పిలుపులో సగం తీరిపోతుంది. మెడల్ రాదు కానీ, ఆ రోజు ఎవరో ఒకరు ఫినిష్ లైన్ చేరడంలో మీ వంతు ఉంటుంది.

ఈ వారం మొదలుపెట్టండి

1. రేపటి నుంచి రెండు వారాలు పొద్దున మంచం దిగకముందు నాడి లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి.

2. ఇంట్లో పనిచేసే థర్మామీటర్ ఉందో లేదో చూడండి. లేకపోతే కొనండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలిచిన డబ్బాలు, కూలర్లు, టైర్లు ఖాళీ చేయండి. వానాకాలంలో ఇదీ మారథాన్ సాధనలో భాగమే.

3. "పరిగెత్తను" అనే మూడు వాక్యాల కాగితం రాసి, సంతకం పెట్టి, ఇంట్లో ఒకరికి చూపించండి.

4. మీ గ్రూపులో మూడు తెలుగు ప్లకార్డు మాటలు ఆలోచించి పెట్టండి. ఒక్కోటి ఐదు మాటలు దాటొద్దు.

5. ఈ వారం గ్రూపులో ఎవరు రాలేదో గమనించి ఫోన్ చేయండి. "ఎందుకు రాలే?" అని కాకుండా "పాణం మంచిగున్నదా?" అని అడగండి. బాగాలేదంటే తొందరేమీ లేదని, పూర్తిగా తగ్గాకే రమ్మని చెప్పండి. వాళ్లు తిరిగొచ్చిన మొదటి రోజు మీ వేగం తగ్గించుకుని వాళ్ల పక్కన నడవండి.